ఎనిమిది సందుల మిద్దె

చైత్ర బహుళ తదియ, గురువారం. సాయంత్రం నాలుగు గంటలు. ఎమ్మిగనూరు, నూలు గిడ్డంగి మిద్దె మీద. హాజరైనవారు: ఇంజనీరుగారు, గిడ్డంగి యజమాని సెట్టిగారు, ఖాజా మేస్త్రి, పనివాడు మారెప్ప, అతని జట్టులోని దావీదు, ఉరుకుందు, నేను. పని: పలకల మధ్య పోసిన సందులు తెరిచి చూచుట.

ఇంతవరకు నా డైరీలో ఉన్నది ఉన్నట్టుగా ఎత్తి రాశాను. ఆ పుట తీసి చూడవలసిన అవసరం పోయిన నెల వచ్చింది. మా తమ్ముడి కొడుకు ఆదోని బయట, మంత్రాలయం దారిలో కడుతున్న పత్తి గోదాము చూపిస్తానని నన్ను తీసుకుపోయాడు. కాంక్రీటు పలకలు ఎక్కడో ఫ్యాక్టరీలో పోసి లారీల మీద తెస్తున్నారు. క్రేను వాటిని అప్పడాలు ఎత్తినట్టు ఎత్తి గోడల మీద పెడుతోంది. రెండు పలకల మధ్య సందులో ఇనుప కమ్మి పరిచి, ఒక పడుచు ఇంజనీరు వంగి సెల్‌ఫోన్లో ఫోటో తీసుకుంటున్నాడు. "ఫోటో తీసినాక సిమెంటు మాలు పోసేదాకా ఈడనే ఉంటావా అప్పా?" అని అడిగాను. "ఎందుకు తాతా, ఫోటోలో టైము కూడా పడతాది" అని నవ్వాడు. కమ్మి తప్ప ఆ సందులో ఇంకేమున్నాయో చూసినావా అని అడగాలనిపించింది. అడగలేదు. ఇంటికి వచ్చి ట్రంకు పెట్టె దించమన్నాను.

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండు. ఆదోనిలో మా నాన్న జిన్నింగు మిల్లులో పని చేసేవాడు. నాకు ఒక కాంట్రాక్టరు దగ్గర వర్క్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం దొరికి, ఎమ్మిగనూరులో మా పెద్దమ్మ ఇంట్లో దిగాను. పెద్దనాన్న మగ్గం నేసేవాడు. ఆ వీధి మొత్తానికి గంజి వాసన, తడి నూలు వాసన, మధ్యాహ్నాలు రంగు కాగుతున్న ఘాటు. పొద్దున నాలుగింటికే మగ్గాల చప్పుడు మొదలయ్యేది. పెద్దనాన్న కొత్తగా వచ్చిన నూలు చిలపను నేరుగా లోపలికి తీసుకునేవాడు కాదు. గుమ్మంలో నిలబడి, ఒక కొస నోట్లో తడిపి, పంచె అంచుకు రుద్ది, రంగు అంటిందా లేదా అని ఎండలో పట్టి చూసేవాడు. నూలు తెచ్చినవాడు ఎంత దగ్గరి బంధువైనా సరే, ఆ పరీక్ష అయ్యేదాకా కూర్చోమనేవాడు కాదు. పెద్దమ్మ ఆయనకు తగినదే. జొన్నపిండి డబ్బాలో పిండిని చదును చేసి, నాలుగు వేళ్ళతో పైన గీతలు గీసి మూత పెట్టేది. మళ్ళీ తెరిచినప్పుడు గీతలు అట్లనే ఉండాలి. పాలు పోసే ఆమె ఎదురుగానే పాలచుక్క బొటనగోటి మీద వేసుకుని జారుతుందా నిలుస్తుందా అని చూసేది. "నమ్మకం లేదా అక్కా?" అని ఆమె అడిగితే, "నిన్ను నమ్మతా, నీ చెంబును నమ్మను" అనేది పెద్దమ్మ. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. మర్నాడు మళ్ళీ అదే చుక్క, అదే గోరు.

నేను ఆ ఇంటి అన్నం తిన్నవాణ్ణి. సైటులో సిమెంటు బస్తాల మూతికుట్ల మీద నీలం చాక్‌తో అడ్డగీతలు గీసేవాణ్ణి. సాయంత్రం ఇసుక కుప్ప మీద, కళ్ళంలో ధాన్యపు రాశికి వేసినట్టు, సున్నపు ముద్రలు వేసేవాణ్ణి. కర్నూలు కొత్తగా రాజధాని అయి, సిమెంటంతా అటే పోతున్న కాలం. ఒక్కొక్క బస్తాకు ఆదోని స్టేషనులో సంతకాలు పెట్టి తెచ్చుకోవాలి. పనివాళ్ళు నా ముద్రలు చూసి తమలో తాము ఏదో అనుకునేవారు. అదేమిటో నాకు తెలిసేది కాదు కనుక దాన్ని కూడా అనుమానించేవాణ్ణి.

గిడ్డంగి కొత్త పద్ధతిలో కడుతున్నాం. మా వైపు మిద్దెలంటే అప్పటికి రాతి బండలే. దూలాల మీద బండలు పరచి, సందుల్లో చిప్పరాళ్ళు కూరి, పైన సున్నం వేస్తారు. ఆదోనిలో మా ఇల్లూ అంతే. ఇంజనీరుగారు తుంగభద్ర డ్యాము మీద పని చేసి వచ్చినవాడు. నేల మీదే కాంక్రీటు పలకలు పోయించి, గట్టిపడ్డాక గొలుసు కప్పీతో పైకెత్తి గోడల మీద వరసగా పెట్టించాడు. తొమ్మిది పలకలు, వాటి మధ్య ఎనిమిది సందులు. మొదటిరోజే నన్ను పక్కకు పిలిచి చెప్పాడు: "ఈ పలకలు ఇప్పుడు వేరు కాపురాల వాళ్ళు. ఒకదాని మీద బరువు పడితే అదొక్కటే వంగుతుంది, పక్కది పట్టించుకోదు. సందులో కమ్మి పెట్టి, దాని చుట్టూ సిమెంటు మాలు నిండుగా పోస్తేనే ఉమ్మడి అవుతాయి. తర్వాత ఎవరూ చూడలేరు. అందుకని మీరు చూడకుండా ఒక్క సందు కూడా పోయడానికి వీల్లేదు." సందులు గట్టిపడగానే ఆ మిద్దె మీదికి నూలు బేళ్ళు ఎక్కుతాయి. కింద హాలులో ఇరవైమంది ఆడవాళ్ళు కూర్చుని కండెలు చుడతారు. వాళ్ళలో మా పెద్దమ్మ తోడికోడలు కూడా ఉంది. ఆ మాటలు నేను ఎంత సీరియస్‌గా తీసుకున్నానో చెప్పనక్కరలేదు.

మంగళవారం నాలుగు సందులు పోశాం. ఖాజా మేస్త్రి అవతలి కొసన కప్పీ దగ్గర చివరి పలకలు దింపుకుంటున్నాడు. ఇటు మారెప్ప జట్టు పోస్తుంటే నేను దగ్గర నిలబడ్డాను. మారెప్పకు యాభై దాటి ఉంటాయి. చుట్టుపక్కల సగం ఊళ్ళ బండల మిద్దెలు అతని చేతిమీద లేచినవే. వానలు రాని ఏడు అది. అతని ఇంటికి ఈ పని ఒక్కటే ఆధారం. నేను ప్రతి సందులో కమ్మి పొడవు టేపుతో కొలిచాను, గోడ మీదికి ఎంత వచ్చిందో చూశాను, మాలు కలిపిన నీళ్ళు చూశాను. డైరీలో 'నాలుగు సందులు, నా సమక్షంలో, సరి' అని రాసుకున్నాను.

బుధవారం నన్ను సిమెంటు కోసం ఆదోనికి పంపారు. నేను వచ్చేదాకా సందులు ముట్టవద్దని మేస్త్రికి రెండుసార్లు చెప్పి పోయాను. తిరుగు బస్సు దారిలో చెడిపోయింది. నేను దిగేసరికి పొద్దు వాలింది. మిగతా నాలుగు సందులూ పోసేసి, పైన తాపీతో నున్నగా రుద్ది, తడిగోనెలు కప్పేశారు.

"ఏమి మేస్త్రీ ఇది?" అన్నాను.

"మధ్యాహ్నం దాకా చూసినా సామీ. పలకలు తడిపి పెట్టినాం, ఎండకు పెనం మాదిరి కాలిపోతాండాయి. తడి ఆరినాక పోస్తే మాలు పట్టదు. పోసేసినా."

"కమ్ములు?"

"పెట్టకుండా పోస్తానా?"

ఆ మాట ఎదురుప్రశ్నగా అన్నాడని నాకు నచ్చలేదు. పోయి సిమెంటు బస్తాలు చూశాను. మంగళవారం నా ఎదురుగా నాలుగు సందులకు బస్తాన్నర పట్టింది. బుధవారం అంతే పొడవున్న నాలుగు సందులకు దాదాపు మూడు. నా చాక్ గీతలు అబద్ధం చెప్పవు. బస్తాన్నర సిమెంటు ఎటో పోయింది. సిమెంటు తీసినవాడు కమ్ములు మాత్రం ఎందుకు వదులుతాడు? కమ్మి పెట్టకుండా పైన మాలు రుద్దితే బయటికి ఏం కనబడుతుంది? ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. పెద్దమ్మ నా కంచం చూసి, "కూరలో ఉప్పు మీద గూడా అనుమానమా నీకు?" అంది.

గురువారం తెల్లవారి పనికి పోయేముందు దారి మార్చి ఖాజా మేస్త్రి ఇంటి మీదుగా పోయాను. వాకిట్లో నీళ్ళ తొట్టికి కొత్తగా అరుగు కట్టి ఉంది. తెలుపూ బూడిదా కాని రంగు. మేస్త్రి అప్పటికే పనికి పోయినాడు. అతని భార్య బయటికి వచ్చి, "ఏం కావాలప్పా?" అంది. ఏం చెప్పాలో తోచక "దాహమేస్తాంది" అన్నాను. ఆమె లోపలికి పోగానే ఆ అరుగును గోటితో గీకాను. తెల్లటి పొడి రాలింది. సున్నం. ఆమె ఇచ్చిన నీళ్ళు తాగుతూ, సున్నం కింద సిమెంటు ఉండకూడదని ఏముంది, అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ చెంబు చల్లదనం గుర్తుంది. అప్పుడు నా బుద్ధి ఎట్లా ఉందంటే, ఆమె అంత మర్యాదగా నీళ్ళు ఇవ్వడం కూడా ఒక సాక్ష్యంగానే కనిపించింది.

సాయంత్రం ఇంజనీరుగారు వస్తే అంతా చెప్పాను. పుట మొదట్లో ఉన్న పంచాయితీ అదే. మేస్త్రి విన్నాడు, కోపం తెచ్చుకోలేదు. "తెరవండి సామీ. అయితే నేను పోసింది నేనే తెరుస్తా. ఇంకొకడు ఉలి పెట్టకూడదు" అన్నాడు. ఏ సందో చెప్పమని ఇంజనీరుగారు నన్ను అడిగాడు. నేను బుధవారం పోసినవాటి మధ్యలోని ఆరో సందు చూపించాను. కొసల్లో ఎవడైనా జాగ్రత్తగా ఉంటాడు, మోసం మధ్యలోనే ఉంటుందని నా లెక్క.

మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని ఉలి పెట్టాడు. ముందురోజు పోసిందే అయినా జానెడు తెరవడానికి చాలాసేపు పట్టింది. కమ్మి కనబడింది. సందుకు సరిగ్గా మధ్యలో, చుట్టూ మాలు కరిచిపట్టి ఉంది. "ఇంకోటి చెప్పు సామీ" అన్నాడు నా వంక చూడకుండా. ఏడో సందు చెప్పాను. అక్కడా అంతే. సెట్టిగారు వాచీ చూసుకున్నాడు.

నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. "మరి సిమెంటు యాడికి పోయింది?" అన్నాను.

"యాడికి పోతాది? సందు తాగింది."

"మంగళవారం పోసినవి బస్తాన్నరే తాగినాయి. నీవి మూడు తాగుతాయా?"

మేస్త్రి ఉలి కింద పెట్టాడు. ఏదో ఎక్కం తప్పినట్టు ఒక్క క్షణం ఆలోచించి, లేచి రెండో సందు దగ్గరికి నడిచాడు. సుత్తి కర్రతో దాని మీద తట్టాడు. తర్వాత ఆరో సందు మీద తట్టాడు. మళ్ళీ రెండో సందు మీద. ఆరోది రాయిలా పలికింది. రెండోది ఖాళీ గాదెలా పలికింది. మేస్త్రి రెండో సందులో ఉలి పెట్టి నాలుగు దెబ్బలు వేయగానే పైన వేలు మందం మాలు అట్టలా లేచిపోయింది. దాని కింద అంతా బండల చిప్పరాళ్ళు. ముద్దుగా, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, బిగించి ఉన్నాయి. కమ్మి వాటి మీద పడుకుని ఉంది. మేస్త్రి దాని కింద వేలు పెట్టి ఎత్తితే, పడుగులోంచి పోగు లాగినట్టు పైకి వచ్చింది.

"ఇది ఎవరు పోశారు?" అన్నాడు ఇంజనీరుగారు.

మారెప్ప ముందుకు వచ్చాడు. "నేనే సామీ."

"రాళ్ళు ఎందుకు పెట్టావు?"

"సందు గదా సామీ."

"సందయితే?"

"రాయి కూరకుంటే మాలు కిందికి కారిపోదా?"

"కారకుండా కింద చెక్కపట్టెలు కొట్టించాం కదా."

"పట్టె రేపు పీకేస్తారు సామీ. రాయి యాడికి పోతాది?"

సెట్టిగారు నవ్వాడు. ఇంజనీరుగారు నవ్వలేదు. రాయి నిండితే మాలు లోపలికి దిగదని, మాలు పట్టని కమ్మి ఉన్నా లేనట్టేనని, కింద ఇరవైమంది కూర్చుంటారని, ఒక్కొక్క మాటే చెప్పాడు. మారెప్ప తలూపుతూ విన్నాడు. బండల మిద్దెలు ముప్ఫై ఏళ్ళుగా అట్లనే కడుతున్నాననీ, ఒక్కటీ పడలేదనీ అతని మొహంలో ఉంది, నోట్లోకి రాలేదు. "మొదటి నాలుగు సందులూ రేపు తీసి మళ్ళీ పోయాలి. ఇతన్ని రేపటి నుంచి పనిలో పెట్టుకోవద్దు" అన్నాడు ఇంజనీరుగారు. తర్వాత మేస్త్రి వైపు తిరిగి, "మీరు చూసుకోలేదా?" అన్నాడు.

"నేను కప్పీ కాడ ఉన్నా సామీ. ఈడ..." అని మేస్త్రి ఆగాడు.

ఆగి నా వంక చూశాడు. మారెప్ప కూడా చూశాడు. మంగళవారం పొద్దున మారెప్ప చంకలో బుట్ట పెట్టుకుని, చిప్పరాళ్ళు ఏరి ఏరి సందులో కూరడం నేను నిలబడి చూశాను. నా కాలికి అడ్డం వచ్చిన రాయిని నేనే అందించాను కూడా. మా ఇంటి మిద్దెలో అవే రాళ్ళు. వాటిని తప్పుగా చూసే కన్ను నాకు లేదు. కమ్మి ఎవడైనా ఎత్తుకుపోతాడేమోనని చూశాను తప్ప, ఎవడో తెచ్చి లోపల పెట్టే రాళ్ళ సంగతి ఆలోచించలేదు. సిమెంటు తక్కువ పట్టినందుకు మంగళవారం సంతోషించాను. ఇదంతా చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఇంజనీరుగారు నిచ్చెన దిగుతున్నాడు, సెట్టిగారు బేళ్ళు ఎప్పుడు ఎక్కించవచ్చునని అడుగుతూ వెనకే దిగుతున్నాడు. నా ఉద్యోగానికి అప్పటికి మూడు నెలలు. డైరీ చంకలో ఉంది. నేను మాట్లాడలేదు. మారెప్ప తన తట్ట తీసుకుని, అందరూ దిగినాక దిగిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్దమ్మ పిండి డబ్బా తెరిచింది. గీతలు చెరిగి ఉన్నాయి. ఆమె నన్నూ పెద్దనాన్ననూ ఎదురుగా నిలబెట్టి అడిగింది. పెద్దనాన్న చేప ఎర కోసం పిడికెడు తీసినానని ఒప్పుకున్నాడు. "అడిగితే ఇయ్యనా?" అని తిట్టి, ఆ తర్వాత ఆయనకు రొట్టె వేడిగా పెట్టింది. ఇప్పుడు మా గేటుకు కెమెరా ఉంది. ఎవరు వచ్చిందీ పోయిందీ అందులో ఉంటుంది. మేం వాళ్ళను ఏమీ అడగం, కెమెరాలో చూసుకుని ఊరుకుంటాం, మనసులో ఒక మచ్చ పెట్టుకుంటాం. పెద్దమ్మ అనుమానం ఎదుటి మనిషితో మాట్లాడించేది. నాది అప్పటికే కెమెరాలాంటిది. మారెప్ప చేతులు చూసింది, అన్నీ నమోదు చేసుకుంది, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "ఈ రాళ్ళు ఎందుకు మారెప్పా?" అని మంగళవారం నోరు తెరిచి ఉంటే సరిపోయేది.

శుక్రవారం పొద్దున ఏడు కాకముందే ఇంజనీరుగారు తాను దిగిన ముసాఫరు బంగళా నుంచి వచ్చేశాడు. మేస్త్రి, దావీదు, ఉరుకుందు మొదటి సందు తీస్తున్నారు. మారెప్పను రావద్దన్నారు గానీ అతను వచ్చాడు. లోపలికి రాలేదు. ఎదురుగా వీధిలో నిలిపిన బండి నొగ మీద కూర్చుని ఉన్నాడు. మిద్దె మీద నుంచి అతని తలపాగా కనబడుతోంది.

రెండో సందు దగ్గరికి రాగానే మేస్త్రి పని ఆపించాడు. "ఇన్‌స్పెక్టరు సామీ, ఈడికి రాండి" అని పిలిచాడు. పోయాను. "సందులో ఏముండాదో చెప్పండి. గట్టిగా చెప్పండి, ఇంజనీరు సామికి వినపడాల."

"రాళ్ళు" అన్నాను.

"ఎవరు పెట్టినారు?"

"మారెప్ప."

"పెడతాంటే ఎవరు చూసినారు?"

ఇంజనీరుగారు అటుపక్క గోడ మీద కాగితం పెట్టుకుని ఏదో రాస్తున్నాడు. కలం ఆగింది. "నేను చూసినాను" అన్నాను. "పక్కనే నిలబడి చూసినాను. ఒక రాయి నేనే అందించినాను. సరి అని రాసుకున్నాను."

ఇంజనీరుగారు వచ్చి చేయి చాపాడు. డైరీ ఇచ్చాను. మంగళవారం పుట చదివి, మూసి, నాకే తిరిగి ఇచ్చాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన కిందికి వంగి వీధిలోకి, "మారెప్పా, పైకి రా" అని పిలిచాడు. తర్వాత నాతో, "ఈ సందు మీరు శుభ్రం చేయండి. పోయవచ్చునో లేదో అతను చెబుతాడు" అన్నాడు.

పంచె ఎగగట్టి కూర్చున్నాను. ఉలి పట్టడం రాదు. రెండుసార్లు సుత్తి వేలి మీద పడింది. దావీదు ఉరుకుందుతో, "రాసేదానికన్నా కష్టమేలే" అన్నాడు. ఎండ ఎక్కేసరికి రాళ్ళన్నీ తీసి, సందు చీపురుతో ఊడ్చి, నీళ్ళు చల్లి, కమ్మిని సిమెంటు బిళ్ళల మీద ఎత్తి పెట్టి, చేతులు దులుపుకుని లేచాను. మారెప్ప ఆ చివర నుంచి ఈ చివర దాకా గొంతుక్కూర్చుని, వేలు లోపల పెట్టి జరుపుకుంటూ వచ్చాడు. గోడ పక్కన ఒకచోట ఆగాడు. పలక అంచు కిందికి వేలు వంచి తవ్వి, నా కంట పడని బొటనగోరంత చిప్పరాయి ఒకటి బయటికి తీశాడు. తుడిచి నా అరచేతిలో పెట్టాడు.

"ఇది యాడిది సామీ?" అన్నాడు.